ఒప్పించే మాట

మన ఆలోచనను ఎదుటివారు మనస్ఫూర్తిగా అంగీకరించేటట్లు చేయగలగడం నేడు ప్రతి ఉద్యోగానికీ కావలసిన నేర్పుగా పరిగణింపబడుతున్నది. తెలుగువారికి ఈ విద్య కొత్తదేమీ కాదు. తిక్కన తెనిగించిన ఉద్యోగపర్వం నిండా ఒప్పించే ప్రయత్నాలే. (అక్కడ ఉద్యోగమంటే ప్రయత్నమే గాని కొలువు కాదు.)

ఆ పర్వంలో రాయబారాలు మూడు. మొదట ద్రుపదుని పురోహితుడు హస్తినకు వెళ్లాడు. ఆయన చెప్పినది న్యాయమే అయినా మాట మరీ పదునుగా ఉన్నదని భీష్ముడే అన్నాడు. తరువాత ధృతరాష్ట్రుని పక్షాన సంజయుడు పాండవుల వద్దకు వచ్చాడు. మాట మెత్తన. శాంతి గొప్పదన్నాడు, యుద్ధం పాపమన్నాడు. రాజ్యభాగం ఇస్తామన్న మాట మాత్రం తేలేదు. ధర్మరాజు ఆ లోపాన్ని వెంటనే గుర్తించాడు. మూడవవాడు శ్రీకృష్ణుడు. ఆయన ఇరుపక్షాలకూ కలిగే మేలును సభలో విప్పి చెప్పాడు. పదునైన మాటా, వట్టి తీపిమాటా ఎందుకు పనికిరాలేదో తెలిసిన తరువాత ఈ మూడవ పద్ధతి విలువ బోధపడుతుంది.

ఇప్పుడు పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలకు వద్దాం. పత్తి, మిరప పండే ఈ ప్రాంతంలో వ్యవసాయ శాఖ ఉద్యోగి చేసే పనిలో ముఖ్యమైనది రైతును ఒప్పించడమే. అది కష్టమైన పని. 1980 దశకం మధ్యలో తెల్లదోమ ఇక్కడి పత్తిని నాశనం చేసింది. సింథటిక్ పైరిత్రాయిడ్ మందుల విచ్చలవిడి వాడకం అందుకు ఒక ముఖ్య కారణం. ఆ నష్టాలలో అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు. 2021–22లో నల్ల తామర పురుగు మిరప పూతలో చేరినప్పుడు కూడా రైతులు మందుల మీద మందులు మార్చి చల్లారు, పెట్టుబడి పెరిగింది, పురుగు లొంగలేదు.

అటువంటి రైతు వద్దకు వెళ్లి “అనవసరంగా మందు కొట్టకండి” అంటే ఎందుకు వింటాడు? ఉద్యోగికి నెల తిరిగితే జీతం వస్తుంది. పంట పోతే నష్టం రైతుది. కౌలు రైతు అయితే పంట పోయినా కౌలు తప్పదు. పైగా దుకాణదారు పంట చేతికి వచ్చే వరకు మందులు అరువు ఇస్తాడు. అతడు కూడా ఒప్పించడంలో నిపుణుడే. రైతు భయమే అతని ఆయుధం. ఈ స్థితిని గుర్తించకుండా శాస్త్రం వల్లించే ఉద్యోగి, నా దృష్టిలో, ద్రుపదుని పురోహితుని వంటివాడు. సంజయునివలె ఉత్త చేతులతో వచ్చి నీతి చెప్పేవారికీ కొదవ లేదు.

దీనికి మార్గంగా వచ్చినదే పొలంబడి. 1989లో ఇండోనేషియా వరిపొలాలలో మొదలైన ఈ పద్ధతి తరువాత మన రాష్ట్రానికీ వచ్చింది. ఇందులో ఉపన్యాసం తక్కువ. రైతులు వారానికొకసారి పొలంలోనే కలుస్తారు. ఒక మడి రైతు అలవాటు ప్రకారం, పక్క మడి సమగ్ర సస్యరక్షణ ప్రకారం సాగుతుంది. “ఈ ఆకు తిప్పి చూడండి బాబాయ్, ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి” అంటాడు ఉద్యోగి. పురుగులతోపాటు వాటిని తినే అక్షింతల పురుగులనూ, సాలీళ్లనూ రైతే లెక్కించి, కాగితం మీద బొమ్మ గీసి, మందు కావాలో వద్దో తోటివారి ముందు చెబుతాడు. కొన్ని మొక్కలకు కావాలనే కొంత ఆకు కత్తిరించి, అవి ఎంతవరకు కోలుకుంటాయో చూడటం కూడా ఉంటుంది. ఆకుకు చిల్లు పడగానే గుండె జారే రైతుకు ఆ ప్రయోగం నూరు ఉపన్యాసాల పెట్టు.

ఇక్కడ నిర్ణయం రైతు నోటి నుండే వెలువడుతున్నదని గమనించండి. తాను లెక్కించిన అంకెను మనిషి సులభంగా కాదనలేడు. తోటి రైతు మాటకు అధికారి మాటకన్నా బరువెక్కువ. ఇంకొకటి, “మందు మానండి” అని ఊరుకోక లింగాకర్షక బుట్టనో, జిగురు అట్టనో, వేపనూనెనో చేతికివ్వడం. మానమన్నదాని స్థానంలో మరొకటి లేకపోతే రైతు మళ్లీ దుకాణానికే వెళ్తాడు. తెగులు నిజంగా హద్దు దాటినప్పుడు మందు చల్లమని చెప్పడానికి కూడా ఉద్యోగి వెనుకాడకూడదు. అప్పుడే మరునాడు “వద్దు” అన్న మాటకు విలువ. దుకాణదారు ఒప్పింపుకూ, ఇతని ఒప్పింపుకూ తేడా మాటనేర్పులో లేదు. రైతు కాదనే వీలు మిగిలిందా, లేదా అన్నదానిలో ఉన్నది.

శ్రీకృష్ణుని రాయబారం కూడా ఫలించలేదు కదా అని విద్యార్థులు అడగవచ్చు. నిజమే. పొలంబడిలో కూర్చున్న వారందరూ మారరు. లెక్కలన్నీ వేసి, తల ఊపి, సాయంత్రానికి స్ప్రేయరు భుజాన వేసుకొనేవారు ఉంటారు. ఆ రైతును నలుగురిలో తప్పుపడితే మరుసటి వారం అతడు రాడు. అతని మడిలో కూడా పురుగులను లెక్కపెట్టించి, మందు ఖర్చును అతని చేతనే పక్క మడి ఖర్చు సరసన రాయించడం అనుభవజ్ఞులైన ఉద్యోగులు చేసే పని.