పులిపిరి పోయె... తెల్లమచ్చ వచ్చె!

హుజూరాబాద్: ఎదకు వచ్చిన బర్రెకు సూది వేసే సిబ్బంది తమ వెంట తెచ్చిన డబ్బా మూత తీయగానే తెల్లటి పొగ లేవడం ఈ ప్రాంత రైతులు ఎరిగినదే. అందులో ఉండేది ద్రవ నైట్రోజన్. మనం పీల్చే గాలిలో 78 శాతం ఉండే నైట్రోజన్‌నే అతిగా చల్లార్చి నీళ్లలాగా చేస్తారు. దాని చలి సున్నాకు దిగువన 196 డిగ్రీలు. కరీంనగర్‌లోని ఘనీకృత పశువీర్య కేంద్రంలో కోడెల వీర్యం ఏళ్ల తరబడి చెడకుండా నిలువ ఉండేది ఈ చలిలోనే. అదే ద్రవంతో మనుషుల ఒంటిమీది పులిపిర్లను కూడా రాల్చవచ్చునన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఇది కొత్త వైద్యమేమీ కాదు. 1899లోనే న్యూయార్క్ డాక్టరు క్యాంప్‌బెల్ వైట్ ద్రవరూపంలోని గాలిని దూదితో అద్ది పులిపిర్లు పోగొట్టాడు. 1950 నుండి గాలికి బదులు నైట్రోజన్ వాడుకలోకి వచ్చింది.

మన పల్లెల్లో ఒంటిమీద లేచే ప్రతి కాయనూ పులిపిరి అనే అంటారు. నిజానికి అవి ఒకటి కావు. పిల్లల వేళ్లమీద, అరికాళ్లలో గరుకుగా లేచేవి వైరస్ వల్ల వస్తాయి, ఒకరినుండి ఒకరికి అంటుకుంటాయి. మెడకింద, చంకల్లో మెత్తగా వేలాడేవి అంటువి కావు. లావుపాటి వారిలో, చక్కెర వ్యాధి ఉన్నవారిలో ఇవి ఎక్కువ. ముసలివారి ముఖాన, వీపున మైనం ముద్ద అంటించినట్లు ఉండే గోధుమ, నల్ల కాయలు మరో రకం. ఈ మూడింటివల్లా ప్రాణానికి భయం లేదు.

భయమల్లా వాటిని తీసే పద్ధతితోనే. జిల్లేడు పాలు పూయడం, సున్నం పెట్టడం, అగరుబత్తితో కాల్చడం ఇప్పటికీ సాగుతున్నది. రెప్పమీది కాయకు పెట్టిన జిల్లేడు పాలు కంట్లోకి జారితే నల్లగుడ్డు దెబ్బతిని చూపు మసకబారుతుంది. ఈ విలేకరి చిన్నతనంలో మెడమీది కాయకు నాయనమ్మ గుర్రపు వెంట్రుక బిగించి కట్టింది. నెత్తురు అందక కాయ వాడి రాలిన మాట నిజమే. కాని ఆ చోట చీము పట్టి వారం రోజులు మెడ తిప్పరాలేదు.

డాక్టరు చేసే చలి వైద్యానికి కత్తి అక్కరలేదు, మత్తు సూది కూడా సాధారణంగా అవసరం పడదు. సన్నని గొట్టంతో నైట్రోజన్‌ను కాయమీదికి చిమ్ముతారు. కాయ, దాని చుట్టూ కొద్దిపాటి చర్మం మంచులా తెల్లబడతాయి. పది నుండి ముప్పయి సెకన్ల పని. చురుక్కుమని మండుతుంది. తర్వాత పొక్కు లేచి, చెక్కు కట్టి, ఒకటి రెండు వారాల్లో ఊడిపోతుంది. మొండి పులిపిర్లకు రెండు మూడు వారాల కొకసారి చొప్పున కొన్ని దఫాలు చేయవలసి వస్తుంది.

ఇక అసలు సంగతి. చర్మానికి రంగునిచ్చే కణాలు మిగతా కణాలకంటే చలికి ముందుగా చచ్చిపోతాయి. తెల్లవారి ఒంటిమీద ఆ తేడా అంతగా కనిపించదు. మన చామనచాయ ఒంటిమీద కాయ పోయిన చోట తెల్లమచ్చ మిగులుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో రంగు తిరిగి వస్తుంది, కొందరికి రాదు. పెళ్లీడు పిల్ల చెంపమీద గోరంత తెల్లమచ్చ పడితే ఊరంతా బొల్లి అనే అనుమానిస్తుంది. వేలిమీది కాయకు పనికివచ్చే వైద్యం ముఖానికి కూడా తగునా అన్నది డాక్టరును ముందే అడగాలి. ముఖంమీది చిన్న కాయలను కరెంటు సూదితో తీయించుకునేవారు ఎక్కువ. దానితోనూ మచ్చ పడే అవకాశం లేకపోలేదు.

బర్రెల డబ్బాలోది ఒక్క చుక్క అద్దుకుంటే పోదా అని ఎవరికైనా తోచవచ్చు. ఎంతమాత్రం చేయరాదు. నాలుగు సెకన్లు ఎక్కువైతే వేలి పక్కన ఉండే నరం దెబ్బతిని స్పర్శ పోతుంది. సీసాలో పోసి బిరడా బిగిస్తే అది ఆవిరై దాదాపు 700 రెట్లు వ్యాపించి సీసాను బద్దలు చేస్తుంది.

చలి పెట్టించుకునే ముందు అది పులిపిరి అవునో కాదో తేల్చుకోవాలి. చలికి మాడిన కాయనుండి పరీక్షకు ముక్క దొరకదు. ఉన్నట్టుండి పెరిగేది, నెత్తురు కారేది, రంగులు మారేది, అరికాలిలో వ్యాపించే నల్లమచ్చ కనిపిస్తే చర్మవైద్యునికే చూపాలి. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉన్నది. చక్కెర వ్యాధి ఉన్నవారు కాలి కాయల జోలికి తామే పోరాదు.

బడి పిల్లల పులిపిర్లకు తొందర అక్కరలేదు. చాలావరకు రెండేళ్లలో వాటంతటవే పోతాయి. ఆగలేనివారికి సాలిసిలిక్ యాసిడ్ మందు ఉన్నది. డాక్టరు చెప్పినట్లు రోజూ పూస్తూ రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఈ విలేకరి మెడమీద మరో రెండు కాయలు లేచి పదేళ్లయింది. చూపిస్తే మెత్తటివేనని, ఉంచుకున్నా తీసినా తన ఇష్టమని డాక్టరు చెప్పినారు. కాలరు రాసుకున్నప్పుడు తప్ప అవి గుర్తుకు రావు.