వెబ్‌సైటుకూ ఉంది గడువు పత్రం - మరిచిపోతే మనకే తిప్పలు!

(గ్రామీణ విలేఖరి)

అది పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. మండల కేంద్రంలో బస్టాండు ఎదుటి నెట్ సెంటరులో మధ్యాహ్నం నుంచే రద్దీ. పక్క ఊరి నుంచి మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చిన ఓ పెద్దాయన తన వంతు కోసం గంటసేపు నిలబడ్డాడు. తీరా కళాశాల వెబ్‌సైటు తెరిస్తే తెర మీద ఎర్రటి గుర్తు. ఈ సైటు సురక్షితం కాదనీ, మీ వివరాలు ఎవరైనా దొంగిలించవచ్చనీ హెచ్చరిక.

"ఏమైందిరా అబ్బాయ్? నా డబ్బులు గానీ పోయాయా?" అని పెద్దాయన కంగారు పడ్డాడు.

"ఇంకా కట్టనేలేదు కదా తాతా. ఈ సైటు సర్టిఫికెట్టు గడువు నిన్న రాత్రితో అయిపోయింది. హెచ్చరికను దాటుకుని లోపలికి పోవచ్చు గానీ, కార్డు నంబరు కొట్టమని నేను చెప్పలేను" అన్నాడు సెంటరు నడిపే కుర్రాడు.

తాతా మనవరాళ్లు ఫీజు కట్టకుండానే సాయంత్రం బస్సుకు వెళ్లిపోయారు. రెండు రోజుల తర్వాత అపరాధ రుసుముతో కలిపి కట్టుకున్నారు. మరుపు ఒకరిది, జరిమానా మరొకరికి! ఈ విలేఖరి ఆరా తీయగా తేలింది ఏమిటంటే, ఏడాదికోసారి ఆ సర్టిఫికెట్టును చేత్తో మార్చే ఉద్యోగి కొలువు మానేసి వెళ్లిపోయాడు. గడువు సంగతి మరెవరికీ గుర్తు లేదు.

ఏమిటీ సర్టిఫికెట్టు?

కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం మనకు తెలిసినవే. వెబ్‌సైటుకూ అలాంటిదే ఒకటి ఉంటుంది. "ఈ పేరు గల సైటు తాళం ఇదే" అని ఒక గుర్తింపు పొందిన సంస్థ ఇచ్చే పత్రమది. దాన్ని చూసుకున్నాకే మన ఫోను ఆ సైటుతో రహస్యంగా మాట్లాడుతుంది. పత్రం సరిగా ఉంటే మనం కొట్టే నంబర్లు సీలు వేసిన కవరులో వెళ్లినట్టు. లేకుంటే కార్డు ముక్క మీద రాసి పంపినట్టే, దారిలో ఎవరైనా చదవవచ్చు.

ఈ మరుపు మన ఊళ్లకే పరిమితం కాదు. 2018 డిసెంబరు 6న ఎరిక్సన్ కంపెనీ పరికరాల్లోని ఒక సర్టిఫికెట్టు గడువు దాటడంతో బ్రిటన్‌లో ఓ2 కంపెనీ ఫోన్లలో కోట్లాది మందికి ఇంటర్నెట్ నిలిచిపోయింది. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ వారి టీమ్స్ కూడా ఇదే కారణంగా కొన్ని గంటలు మూగబోయింది. అంతటి వారికే తప్పని తంటా ఇది.

గడువు ఇంకా తగ్గుతోంది

2020 సెప్టెంబరులో ఈ పత్రాల గరిష్ఠ గడువు 398 రోజులైంది. పత్రాలిచ్చే సంస్థలు, బ్రౌజర్లు తయారుచేసే కంపెనీలు కలిసి 2025 ఏప్రిల్‌లో దాన్ని అంచెలంచెలుగా కుదించాలని నిర్ణయించాయి. 2026 మార్చి 15 నుంచి ఇచ్చే పత్రాలకు 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులే. పేరు చేతులు మారినా, తాళంచెవి దొంగల పాలైనా పాత పత్రం ఎక్కువ కాలం చెలామణిలో ఉండకూడదన్నది వారి ఉద్దేశం. అంటే ఏడాదికి ఒకసారే మరిచిపోయేవారు ఇక ఎనిమిదిసార్లు గుర్తుపెట్టుకోవాలి. చేత్తో జరిగే పని కాదు. యంత్రానికి అప్పగించక తప్పదు.

అమెరికాలో లాభాపేక్ష లేకుండా నడిచే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఈ పత్రాలను ఉచితంగా, యంత్రం ద్వారానే ఇస్తోంది. అడిగే పద్ధతికి ఆక్మే అని పేరు. 2019 మార్చిలో అది అంతర్జాతీయ ప్రమాణంగా వెలువడింది.

పొలంలో జెండా పాతినట్టు

మరి ఆ పేరు మనదేనని అంత దూరాన ఉన్న సంస్థకు రుజువేమిటి? ఒక అధికారి వచ్చి, "ఈ చేను నీదేనంటున్నావు కదా, నేను చెప్పిన గుర్తుతో ఒక జెండా నడిచేలో పాతు, వచ్చి చూస్తాను" అన్నాడనుకోండి. చేనులో అడుగుపెట్టే హక్కున్నవాడే ఆ జెండా పాతగలడు. ఇక్కడ జరిగేదీ అదే.

ఇంటర్నెట్‌లో ఏ పేరు ఏ కంప్యూటరుదో చెప్పే చిట్టాను డీఎన్‌ఎస్ అంటారు. వెనకటి కరణం గారి అడంగల్ లాంటిది. ఏ పేరుకు ఆ పేరు యజమాని మాత్రమే అందులో పద్దు రాయగలడు. మన కంప్యూటరులోని సర్ట్‌బాట్ వంటి ప్రోగ్రాము పత్రం కావాలని అడుగుతుంది. సంస్థ ఓ అక్షరాల గుత్తి ఇస్తుంది. ప్రోగ్రాము దానికి తన సంతకం లెక్క జోడించి, డీఎన్‌ఎస్ చిట్టాలో ఆ పేరు కింద పద్దు రాస్తుంది. సంస్థ వేర్వేరు చోట్ల నుంచి ఆ పద్దు చదివి, సరిపోతే పత్రం ఇస్తుంది. ప్రోగ్రాము పద్దు చెరిపేసి, కొత్త పత్రాన్ని సైటుకు తగిలిస్తుంది. గడువుకు నెల ముందే ఈ తతంగమంతా మనిషి చెయ్యి పడకుండా జరిగిపోతుంది.

ఇందులో మరో సౌలభ్యం ఉంది. ఒక పేరు కింద ఉన్న శాఖలన్నిటికీ కలిపి ఒకే పత్రం తీసుకోవచ్చు. 2018 మార్చి నుంచి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇస్తున్న ఈ ఉమ్మడి పత్రానికి చిట్టా పద్దు రుజువు తప్పనిసరి. బయటివారికి తెరిచి ఉంచని ఆఫీసు కంప్యూటరుకు కూడా ఈ దారిలో పత్రం దొరుకుతుంది.

నెట్ సెంటరు కుర్రాడే మండలంలోని ఒక పాల సంఘం వెబ్‌సైటును చూస్తున్నాడు. దానికి ఈ ఏర్పాటు చేయడానికి తనకు ఒక సాయంత్రం పట్టిందని, అప్పటి నుంచి గడువు తేదీ రాసుకోవలసిన పని లేకుండా పోయిందని చెప్పాడు.

తాళంచెవి భద్రం

అయితే చిట్టా రాసే అధికారం యంత్రానికి ఇవ్వడమంటే బీరువా తాళం ఇచ్చినట్టే. అది దొంగ చేతిలో పడితే సైటు మొత్తాన్ని మరో చోటికి మళ్లించగలడు. కనుక ఆ ఒక్క పద్దు వరకే రాసేలా అధికారం ఇవ్వాలి. వీలుకాకపోతే ఆ పద్దును మాత్రం వేరే చిట్టాకు మళ్లించుకునే దారి ఉంది. రాసిన పద్దు బయటికి కనబడడానికి కొంత సమయం పడుతుంది గనుక ప్రోగ్రాము కాసేపు ఆగి అడిగేలా అమర్చాలి. యంత్రం మొరాయిస్తే తెలిసేలా గడువు మీద ఓ కన్ను వేయాలి కూడా. గడువు దగ్గర పడిందని ఈమెయిలు పంపే అలవాటును లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో మానేసింది.

చదువరులు గమనించవలసినవి మూడు. హెచ్చరిక కనబడితే ముందు మీ ఫోనులో తేదీ సరిగా ఉందో లేదో చూడండి, తేదీ తప్పైనా ఇదే గొడవ వస్తుంది. తేదీ సరిగానే ఉంటే ఆ సైటులో డబ్బు కట్టకండి, కార్డు నంబరు, ఓటీపీ కొట్టకండి. ఇక పత్రం ఉన్నంత మాత్రాన సైటు నడిపేవాడు మంచివాడని కాదు. మోసగాళ్లూ తమ సైట్లకు పత్రాలు తెచ్చుకుంటున్నారు. పేరు అక్షరం అక్షరం చూసుకోవాలి.

ఖర్చు లేని పని ఇది. విద్యార్థుల ఫీజులు, రైతుల దరఖాస్తులు వెబ్‌సైట్ల ద్వారానే తీసుకుంటున్న కళాశాలలు, సంఘాలు, కార్యాలయాలు ఇప్పటికైనా ఈ ఏర్పాటు చేసుకోవాలని, తమ సైటు మూలపడిన రోజుకు అపరాధ రుసుము వసూలు చేయరాదని తల్లిదండ్రులు కోరుతున్నారు.