కొరియా యాత్రకు మా సన్నాహము

గజపతినగరమునుండి కొరియాదేశమునకు బయలుదేరు స్త్రీలు కలరని విన్నచో మీరు నవ్వుదురేమో. మా వీథిలో మొదట నవ్వనివారు లేరు. విజయనగరము బజారునకు బోయినను దీపములవేళకు ఇల్లు చేరవలెనని తొందరపడు మేము, సముద్రములు దాటి, మంచు కురియు దేశములో తొమ్మిది దినములుండి వచ్చెదమనుట మాకే కొంతకాలము నమ్మశక్యముగా లేకుండెను. ఎనమండుగురము కలిసి నెలకు 5,000 రూపాయల చొప్పున 40 నెలలు చీటి కట్టితిమి. ఆ సొమ్ముతో కాశీకి రెండుమార్లు పోయి రావచ్చునని చెప్పిన పెద్దలున్నారు. కాశీ యెక్కడికిని పోదు గదా యని మేమంటిమి.

కొరియా యేల యని మీరడుగవచ్చును. ఆ దేశపు నాటకములను టెలివిజనులో జూచి మోజుపడిన పడుచులు మాలో నిద్దరు కలరు, దాచుట యెందులకు? అనంతపురము సీమలో పెనుకొండయొద్ద కియా కార్లకర్మాగారమునుండి 2019లో మొదటి బండి వెలువడినది మొదలు, అచ్చటి దుకాణములపై కొరియా యక్షరములు కనబడుచున్నవని అక్కడ కాపురమున్న మా బంధువులు చెప్పగా వినియున్నాము. కాని మా మనస్సును లాగినది వేరొకటి. మా జిల్లాలోనే రామతీర్థమున గురుభక్తులకొండపై బౌద్ధభిక్షువుల విహారములు మొండిగోడలై యున్నవి. కార్తికమాసములో ఆ కొండ యెక్కినప్పుడెల్ల, ఇచ్చట వంట యెట్లు చేసికొనిరో, ఏమి తినిరో యని మాలో మేము ముచ్చటించుకొనెడివారము. ఆ ప్రశ్నకు ప్రత్యుత్తరము నేటికిని పొయ్యి యారని మఠములలో దొరకునని తెలిసి, కొరియా యని నిశ్చయించితిమి.

పత్రముల సంగతి క్లుప్తముగా చెప్పెదము. పాస్‌పోర్టునకు విశాఖపట్టణము, వీసా ముందుగానే సంపాదింపవలెను. బ్యాంకిలెక్కలు, ఆదాయపుపన్ను కాగితములు, ఇంటి యజమాని సమ్మతిలేఖ, ఇవన్నియు సిద్ధపరచుకొనుటకు ఒక నెల పట్టినది. సంపాదనలేని గృహిణికి పన్నుకాగిత మెక్కడిది? భర్తది చూపవలసివచ్చెను. ఇది మాకు కొంచెము చిన్నతనముగానే తోచినది. చీటి కట్టినది మేము, కాగితము మీద నిలిచినది వారు.

అసలు చిక్కు భోజనముతో వచ్చెను. మొదట మాటలాడిన యాత్రానిర్వాహకుడు, "శాకాహారమునకు లోటులేదమ్మా" యని పదిమార్లు చెప్పెను. మాలో పెద్దవారగు మా వదినగారు మాత్రము, "నాయనా, ఆ చారు దేనితో కాతురు?" అని యడిగిరి. "ఎండుచేపలతో నమ్మా, మాంసము కాదు గదా" యని యతడు నెమ్మదిగా పలికెను. అంతటితో అతనికి నమస్కారము చేసి వచ్చితిమి. అతని తప్పు గొప్పది కాదు. ఆ దేశములో చాలమంది దృష్టిలో చేపలపులుసు రుచికొరకు వేయు ఉప్పువంటిదే. వారి నిత్యపు పచ్చడియగు కిమ్చీలో సైతము ఉప్పులో నూరవేసిన రొయ్యలో, చేపల ద్రవమో చేరును. పైకి క్యాబేజీ, ముల్లంగి, మిరపకారము మాత్రమే కనబడును.

వదినగారి సంగతి ఇచ్చట చెప్పక తీరదు. ఆమె పూర్వసువాసిని; ఇరువదియేండ్లుగా పరుల యింట భోజనము చేసి యెరుగరు; ఉల్లి వెల్లుల్లి ముట్టరు. దీనికితోడు చక్కెరవ్యాధి కలదు. వేళకు పట్టెడన్నము తినకున్న కన్నులు తిరుగును. చేపలచారు మాట విన్ననాటి రాత్రి, "నా చీటిపాట మరియొకరి కిచ్చివేయుడు, నేను రాను" అనిరి. మాలో పడుచువారు కంటనీరు పెట్టిరి. చీటి ప్రారంభింపుమని మొదట చెప్పినది ఆమెయే! ఆమెను విడిచి మేమెట్లు పోదుము?

ఇట్లుండగా మఠభోజనమును గూర్చి చదివితిమి. కొరియాలోని బౌద్ధమఠములలో మాంసము, చేప పూర్తిగా నిషిద్ధములు. అంతియే కాదు, వెల్లుల్లి, ఉల్లికాడలు మొదలుగాగల ఘాటైన దినుసులైదింటిని సైతము వారు విసర్జింతురు. చిత్తమును చలింపజేయునని వారి భావము. ఇది వినగానే వదినగారు కన్నులజోడు సవరించుకొని, "మరల చదువుము" అనిరి. మఠములలో పరదేశీయులు బసచేయు నేర్పాటు 2002లో, బంతియాటల ప్రపంచపు పోటీలు అచ్చట జరిగినప్పుడు ఆరంభమైనదట. సియోలు నగరము నానుకొనియున్న బుఖన్ కొండలలో జిన్‌గ్వాన్‌సా యను మఠము భిక్షుణులది; వంటకు ప్రసిద్ధి కెక్కినది. బెక్యాంగ్‌సా మఠమునకు చెందిన చొంగ్‌క్వాన్ అను భిక్షుణి వంటను జూపు చిత్రము 2017లో వెలువడగా, లోకమంతటినుండియు వంటవారు ఆమెను వెదకికొని వచ్చుచున్నారు. ఆ చిత్రమును మేము రెండుమార్లు చూచితిమి. సోయాద్రవమునకు, వంకాయకు ఆమె చూపు ఓర్పు చూచి మా వంటయింటి తొందర తలచుకొని సిగ్గుపడితిమి.

మఠపు పంక్తిభోజనము మిగుల చక్కని పద్ధతి. ఒక్కొక్కరికి ఒకదానిలో నొకటి యిమిడియుండు నాలుగు చెక్కగిన్నెలు. అన్నము, పులుసు, కూర, నీరు వేర్వేరు గిన్నెలలో. మాటలాడరాదు; మెతుకు మిగులరాదు. కడపట ఒక ముల్లంగిముక్కతో గిన్నెల గోడలు తుడిచి, ఆ నీటిని కూడ త్రాగివేయుదురు. మా యింట విస్తళ్లలో విడిచిన వంటకములు తలపునకు వచ్చినవి. ఇంత నిక్కచ్చి మాకు సాధ్యమగునా యని సందేహము లేకపోలేదు.

ఇక కిమ్చీ. చేపలు లేక అది చేయవచ్చునా యని ఇంటనే పరీక్షింప దలచితిమి. వారు వాడు పొడవు క్యాబేజీ మాకు దొరకలేదు. గుండ్రనిదానినే పొరలుగా విడదీసి, కల్లుప్పు చల్లి రాత్రంతయు నుంచి, తెల్లవారి కడిగి పిండితిమి. వరిపిండిని పలుచని గంజిగా కాచి, అందులో అల్లము, ముల్లంగితురుము, కారము కలిపితిమి. ఒక్క హెచ్చరిక: వారి మిరపపొడి రంగెక్కువ, ఘాటు తక్కువ, గింజలు తీసి బరకగా కొట్టినది. మన గుంటూరు కారము అంత వేసినచో నాలుక పొక్కును. సగము గుంటూరు కారమైనను ఎక్కువే. మేము బ్యాడిగె మిరపకాయలు కొట్టించితిమి. ఈ ముద్దను ఆకులకు పొరపొరకును పూసి, జాడీలో అదిమి, మూతబెట్టితిమి. మూడవనాటి తెల్లవారుజామున బుసబుసమను ధ్వని వినబడెను. లేచి చూతుముగదా, ఎర్రని రసము జాడీ పొంగి గూటిలోనుండి క్రిందికి కారుచున్నది! గదియంతయు పులుపువాసన.

మా అత్తగారు లేచివచ్చి, కొంగు ముక్కునకు అడ్డము పెట్టుకొందురని మేము జంకుచుండగా, ఆమె వంగి వాసన చూచి, "ఇది తరవాణి గదే! అంచుదాక నింపినారు, పొంగక యేమి చేయును?" అనిరి. ఆమె చిన్ననాట ఇంటింట తరవాణికుండ యుండెడిది. గంజియు అన్నమును పులియబెట్టి, దినదినము తీసినంత పోయుచు, ఆ పుల్లని నీటితో పిల్లలకు వేసవిలో చద్దియన్నము పెట్టెడివారట. ఆ కుండను మైలపరుపకుండ దేవునివలె చూచుకొనెడివారట. పండితులు చెప్పునదియు అదియే: ఉప్పు తక్కిన క్రిములను అణచును, పులుపు పుట్టించు సూక్ష్మజీవులు మాత్రము వృద్ధిపొందును. మా యూరి యెండలో రెండుదినములలో నగు పని, కొరియా చలికాలములో వారములు పట్టును. అందుకే వారు పూర్వము మట్టిజాడీలను నేలలో పాతిపెట్టెడివారు. శీతకాలము రాకముందు ఇరుగుపొరుగు స్త్రీలెల్లరు కూడి నూరేసి క్యాబేజీలను ఊరవేసి పంచుకొను ఉత్సవమును కిమ్‌జాంగ్ అందురు. యునెస్కోవారు దీనిని 2013లో మానవజాతి వారసత్వపు పట్టికలో చేర్చిరి. సోయాగింజల ముద్దలతో వారు చేయు జాంగ్‌లకును 2024లో ఆ గౌరవము కలిగినది. మన యావకాయ యెండలను ఎవరు లెక్కించిరి? పోనిండు. మరియొక వింత: వారికిని మనకును మిరపకాయ పరదేశమునుండి వచ్చినదే, అమెరికాఖండపు పంట. నాలుగువందల యేండ్లకు పూర్వము వారి పచ్చడియు మన పచ్చడియు తెల్లగనే యుండెడివి.

సియోలులో 1905లో వెలసిన గ్వాంగ్‌జాంగ్ అంగడియందు బిందెత్తొక్ అను వంటకము పేరుపొందినది. పెసరపప్పు నానబెట్టి రుబ్బి నూనెలో కాల్చునది. మన పెసరట్టునకు చెల్లెలే. కాని అందులో పందిమాంసము కలుపుట కద్దు. అడుగనిదే నోట పెట్టరాదు.

అడుగుటకు మాటలు కావలెను గదా! రాత్రులు పలకలు ముందు పెట్టుకొని వారి యక్షరములు నేర్చితిమి. సెజోంగు మహారాజు 1443లో వీనిని కల్పించి 1446లో ప్రకటించెను. హల్లులు 14, అచ్చులు 10. హల్లును అచ్చును ఒక గూడుగా కూర్చి వ్రాయుట మన గుణింతము తెలిసినవారికి కష్టము కాదు. చీనాయక్షరములు చదివిన పండితులు వీనిని చులకనచేసి ఆడువారి యక్షరములని యెగతాళి చేసిరట. ఆ యెగతాళియే మాకు వీనిపై ప్రీతి హెచ్చించినది. మాంసమును వారు గోగి యందురు. మా యెదురింటి అవ్వ అది విని, "గోగుకూర యక్కడను దొరకునా?" అని సంతోషించెను! చేప సెంగ్‌సన్, తీసివేసి యిండని చెప్పుటకు ప్పె జుసెయో. తల్లిని ఒమ్మా యనియు, తండ్రిని అప్పా యనియు పిలుతురు. భోజనమైనదా యని కుశలమడుగుట వారికిని కలదు.

చేతితో గాక చెంచాతో అన్నమును, లోహపు పుల్లలతో కూరలను తినవలెను. చింతపిక్కలను ఒక పళ్లెరమునుండి మరియొకదానికి పుల్లలతో మార్చుట మా యభ్యాసము. ఇప్పటికి నిముషమునకు పది. పుల్లలను అన్నములో నిలువుగా గ్రుచ్చరాదు. మృతులకు వెలిగించు అగరువత్తులవలె కనబడును. పెద్దలు చెంచా పట్టనిదే పిన్నలు పట్టరాదు. ఇచ్చునప్పుడును పుచ్చుకొనునప్పుడును రెండుచేతులు వాడవలెను. గడపయొద్ద చెప్పులు విడుచుట మనకు వేరుగా నేర్పనక్కరలేదు.

మేము బయలుదేరునది నవంబరు మూడవవారము. తెల్లవారుజామున నీరు గడ్డకట్టుటయు కలదట. అరకులోయ చలియే మేమెరిగిన చలి. చీరల క్రింద ఉన్నిలాగులు, మేజోళ్లు, మెడకు శాలువ. చీర విడుచుట మాత్రము లేదని ఐదుగురు, లాగు తొడిగెదమని ముగ్గురు. వదినగారి మందులను వైద్యునిచేత ఇంగ్లీషులో వ్రాయించి, చీటి రెండుప్రతులు తీయించితిమి. అచ్చటి గడియారము మనదానికంటె మూడున్నర గంటలు ముందు గనుక, ఏ మందు ఏ వేళకు జరుపవలెనో ఆయనయే పట్టిక వేసి యిచ్చెను. మఠములలో రెండుదినములు సరే, తక్కిన యేడుదినముల మాట? అటుకులు, కందిపొడి, పులిహోరపులుసు, వేపిన సెనగలు. అచ్చట తెల్లన్నము ఎల్లయెడల దొరకును, వీథులలో కాల్చిన చిలగడదుంపలు అమ్ముదురు. తాజాపండ్లు, విత్తనములు, మాంసపుపదార్థములు ఆ దేశములోనికి కొనిపోరాదు. ఆవకాయ మాత్రము మూతబిగించి, రెండుసంచులలో చుట్టి, సరుకులపెట్టెలో పెట్టితిమి. రెండవ నిర్వాహకురాలు ప్రతి పూటకు ముందు వంటవానితో మాటలాడెదనని వ్రాతమూలకముగా నిచ్చిన పిమ్మటనే సొమ్ము చెల్లించితిమి.

అత్తగారు చాలనాళ్లు ఒప్పుకొనలేదు. సముద్రము దాటరాదనిరి. అయుతయను దేశపు రాజకుమారి క్రీ. శ. 48లో ఓడపై కొరియా చేరి సూరో రాజును పెండ్లాడెనని వారి సంగుక్‌యూసా యను గ్రంథము చెప్పుచున్నదనియు, అయుత మన అయోధ్యయేయని తలచువారు కలరనియు మేము వినిపించితిమి. ఆ గ్రంథము వ్రాయబడినది పదుమూడవ శతాబ్దమున గనుక దానిని చరిత్రయని మేము చెప్పజాలము. వాదమునకు మాత్రము పనికివచ్చునని తెచ్చితిమి. అత్తగారు విని, "ఆమె మగనికొరకు పోయినది. మీరు పచ్చడికొరకు పోయెదరా?" అనిరి. మేము నోరెత్తలేదు. ఆమె భయము సముద్రము కాదని, పరదేశమున కూతురు ఆకలితో పడిపోవునేమోయని తరువాత తెలిసినది.

పొంగిన జాడీని రెండవమారు ఆమెయే దగ్గరనుండి సవరింపజేసిరి: మూడువంతులు నింపి, బరువుగా రాయి పెట్టించి, జాడీని తడిగుడ్డతో చుట్టించిరి. ఈమారు పొంగలేదు. వదినగారు ఒక ముక్క నోట వేసికొని, చాలసేపు నమలి, "అన్నము పెట్టుము" అనిరి. ఇరువదియేండ్లలో ఆమె క్రొత్తవంటకము రుచిచూచుట మేము చూచినది అదే మొదటిమారు.

నిన్న కిరాణాకొట్టు త్రాసుమీద పెట్టెలు తూచితిమి. వదినగారి పెట్టె రెండు కిలోలు ఎక్కువ తూగినది. అటుకులు తీయుటకు ఆమె ఒప్పుకొనరు, శాలువ తీయుటకు అత్తగారు ఒప్పుకొనరు. తుదకు ఆవకాయ జాడీ మా పెట్టెలోనికి మారినది. వానకాలములో తరవాణికుండకు బూజు పట్టకుండ ఆ భిక్షుణులు ఏమి చేయుదురో కనుగొని రమ్మని అత్తగారు వదినగారితో చెప్పిరి. ఆమె దానిని తన చిన్నపుస్తకములో, మందుల పట్టిక ప్రక్కన, క్రొత్తగా నేర్చిన కొరియా యక్షరములతో వ్రాసికొనుటకు కూర్చున్నారు.