రోడ్డు పక్కన పారేసిన అరటి గెల ఏనుగుకు పిలుపే

"అన్నా, తెల్లారుజామున లోడు ఏసుకుని పోతుంటే రోడ్డు మీద ఏనుగు కనబడితే ఎట్లా?" అని చాలామంది అడుగుతా ఉన్నారు. మన రాజంపేట, కోడూరు వాళ్లకు ఇది సరదా ప్రశ్న కాదు. 2025 ఫిబ్రవరిలో, శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోనకు నడిచిపోతున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు చనిపోయారు.

1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఏనుగులు చిత్తూరు వైపు వచ్చాయి. ఇప్పుడు మన శేషాచలంలోనూ తిరుగుతా ఉన్నాయి. పెద్ద ఏనుగుకు రోజుకు సుమారు 150 కిలోల మేత కావాలి. అడవిలో దానికోసం గంటలు గంటలు తిరగాల. మన అరటి తోటలో అయితే కొద్దిసేపట్లోనే కడుపు నిండుతుంది.

రోడ్డు మీద కనబడితే దూరంగానే బండి ఆపండి. హారన్ కొట్టొద్దు, లైట్లు కొట్టొద్దు, సెల్ఫీ కోసం కిందికి దిగనే దిగొద్దు. చెవులు విప్పి మీ వైపే నిలబడితే మెల్లగా వెనక్కి పోండి. ఒకటి దాటింది కదా అని వెంటనే కదలొద్దు, వెనక పిల్లతో తల్లి ఉండొచ్చు. బైకు మీద ఉంటే దూరంలోనే తిప్పుకోండి. పరుగెత్తి దాన్ని గెలవలేం.

ఇక మన తప్పు సంగతి. పోయినేడు వ్యాపారి వద్దన్న అరటి గెలలు నేనే అడవి అంచున రోడ్డు పక్కన దించేసినా, పశువులు తింటాయిలే అని. నాలుగో రోజు చూస్తే అక్కడ ఏనుగు లద్దె! ఆ దారినే బడిపిల్లలు పోతారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి పనికిరాని కాయలు తోటలోనే, అడవికి దూరంగా గుంత తీసి, ముక్కలు చేసి, పేడ, మట్టి పొరలు వేసి కప్పేస్తున్నా. పైన అడుగు మందం మట్టి ఉండాల, లేకుంటే వాసన పోతుంది. బోదెలు నరికి పాదుల్లో ఆచ్ఛాదనగా వేస్తా. జీవామృతానికి తెచ్చిన బెల్లం కూడా చేలో పాకలో పెట్టను.

కంచెకు కరెంటు తీగ మాత్రం వద్దే వద్దు. 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది, పైగా రాత్రి నీళ్లు కట్టను పోయే మనిషే ముందు పోతాడు. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2021లో కొడగులో ఏనుగుల దారిలో తేనెపెట్టెలు పెట్టించింది, తేనెటీగలంటే వాటికి బెదురు. నేనింకా చేసి చూడలేదు. గుంత ఎంత లోతు, పొరలు ఎట్లా వేయాల అనేది మాత్రం వీడియోలో చూపించినా.