సంతకం పెట్టేముందు ఆ నాలుగు పేజీలూ చదివారా?

బెండకాయలు కొనేటప్పుడు చివర తుంచి చూడకుండా సంచీలో వేసుకునే ఇల్లాలు ఉంటుందా? చీర కొనాలంటే మడతలన్నీ విప్పించి, కొంగు చూసి, రంగు పోతుందా అని పదిసార్లు అడిగిగానీ డబ్బు తియ్యం. ఇంత జాగ్రత్త తెలిసిన మనం ఉద్యోగం కాగితం చేతికి రాగానే మాత్రం "సంతకం ఎక్కడ పెట్టమంటారు?" అని పెన్ను తీస్తాం. అదీ పరాయి దేశంలో, ఎన్నో ఏళ్ళ విరామం తర్వాత దొరికిన ఉద్యోగమైతే చెప్పనే అక్కర్లేదు. కూర్చుని చదివితే వాళ్ళేమనుకుంటారో అన్న మొహమాటం, అడిగితే ఉన్నది కాస్తా పోతుందేమోనన్న భయం!

భర్త ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్ళిన మన ఆడపడుచుల్లో చాలామంది డిగ్రీలు, బి.ఇడి.లు చదివినవాళ్ళే. టోక్యోలో నిషికసాయ్ అనే పేట ఉంది. కంప్యూటర్ ఉద్యోగాలకు వెళ్ళిన మన దేశపు కుటుంబాలు 2000 ప్రాంతం నుంచీ అక్కడ ఎక్కువగా స్థిరపడ్డాయి. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకు వెళ్ళాక మిగిలే పొద్దు గడవక ఏదైనా పని చేద్దామనుకునే ఇల్లాలికి అక్కడ తొందరగా కనిపించేది ఇంగ్లీషు చెప్పే పని. సంభాషణ నేర్పే బళ్ళు జపాన్‌లో వీధి వీధినా ఉంటాయి. వాటిని "ఏకైవా" అంటారు. పూటకి మూడు, నాలుగు పాఠాలు చెబితే చాలు. వినడానికి బాగానే ఉంది కదా! చిక్కంతా కాగితంలోనే ఉంది.

మా పిన్ని కూతురు అక్కడే ఉంటుంది. ఆ మధ్య ఒక చిన్న బడివాళ్ళు దానికి పని ఇస్తామన్నారు. "అక్కా, నాలుగు పేజీల కాంట్రాక్టు ఇచ్చారు. ఎల్లుండిలోగా సంతకం పెట్టివ్వాలిట. నువ్వూ ఒకసారి చూడవూ" అని పంపింది. ఇద్దరం ఫోను దగ్గర కూర్చుని వాక్యం వాక్యం చదివాం. అర్థం కానివన్నీ అది అక్కడి కార్మిక శాఖ సలహా కేంద్రానికి ఫోన్ చేసి అడిగి తెలుసుకుంది. దానితోపాటు నేనూ నేర్చుకున్న సంగతులు మీతో చెప్పాలనిపించింది.

ఉద్యోగమా, గుత్త పనా?

అన్నిటికంటే ముందు చూడవలసింది జీతం కాదు, ఆ కాగితం పేరు. జపాన్‌లో పని కాగితాలు ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి మామూలు ఉద్యోగం. రెండోది "గ్యోము ఇతాకు", అంటే మన భాషలో గుత్తకి ఇచ్చిన పని. ఈ రెండో రకంలో మీరు బడికి ఉద్యోగి కారు, మీ పని మీరు చేసుకునే స్వతంత్రులు. కాబట్టి సెలవులు, కనీస వేతనం, ముందస్తు నోటీసు ఇచ్చే కార్మిక చట్టం మీకు వర్తించదని బడివాళ్ళు అంటారు. నిజానికి చట్టం చూసేది పేరును కాదు, పని జరిగే తీరును. వేళలూ, పుస్తకాలూ, పద్ధతీ అన్నీ వాళ్ళే నిర్ణయిస్తుంటే అది ఉద్యోగమే కావచ్చు. కాని అది రుజువు చేసుకోవలసిన భారం మన మీద పడుతుంది.

భర్త వెంట డిపెండెంట్ వీసాపై వెళ్ళినవాళ్ళకి ఇందులో ఇంకో పెద్ద మెలిక ఉంది. వాళ్ళు పని చెయ్యాలంటే ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో విడిగా అనుమతి తీసుకోవాలి. దానికి రుసుము లేదు. రెసిడెన్స్ కార్డు వెనకాల ముద్ర వేసిస్తారు. సాధారణంగా ఇచ్చే ఆ అనుమతి వారానికి 28 గంటల లోపు పనికి. గంటల లెక్క కచ్చితంగా తేలని గుత్త పనికి అది సరిపోదు, ఆ పని వివరాలు చూపించి ప్రత్యేకంగా అనుమతి అడగాలి. ఈ సంగతి బడివాళ్ళు చెప్పకపోవచ్చు, వాళ్ళకే తెలియకపోవచ్చు.

మా చెల్లెలి చేతిలో ఉన్నది సరిగ్గా ఆ గుత్త కాగితమే! సంతకం పెట్టి చేరిపోయి ఉంటే, వీసా పొడిగింపు నాటికి "అనుమతి లేని పని చేశారు" అన్న మాట వచ్చేది. నెలకి కాసిని యెన్ల కోసం మొగుడూ పిల్లలూ అక్కడ, తను ఇక్కడ ఉండే పరిస్థితి తెచ్చుకుంటామా?

28 గంటలంటే అన్నీ కలిపి

ఒక బడిలో 15 గంటలు, ఇంకో బడిలో 15 గంటలు చేస్తే ఏ బడి లెక్కలో చూసినా గీత దాటినట్టు ఉండదు. కాని ప్రభుత్వం లెక్కలో అది 30 గంటలు. ఈ 28 గంటలు మనిషికి, బడికి కాదు. అందుకే "అవసరాన్ని బట్టి అదనపు పాఠాలు చెప్పవలసి ఉంటుంది" అన్న వాక్యం కనబడితే, వారంలో మొత్తం ఎన్ని గంటలకు మించదో పక్కనే రాయించుకోండి.

ఇంకో లెక్క కూడా ఉంది. ఏడాది రాబడి 13 లక్షల యెన్లకు, అంటే నెలకి సుమారు 1 లక్షా 8 వేల యెన్లకు చేరితే, భర్త ఆరోగ్య బీమాలో భార్య ఆశ్రితురాలిగా ఉండే వీలు పోతుంది. తన బీమా, పింఛను చందా తనే కట్టుకోవాలి. 2024 అక్టోబరు నుంచి 51 మందికి తగ్గకుండా బీమా ఉద్యోగులున్న సంస్థల్లో వారానికి 20 గంటలు చేసే పార్ట్‌టైము వాళ్ళను కూడా సంస్థ బీమాలో చేర్చే నిబంధన వచ్చింది. అది చెడ్డదని కాదు, చేతికొచ్చే జీతం తగ్గుతుందని ముందే తెలియాలి.

గంటకా, పాఠానికా?

మా చెల్లెలి కాగితంలో "40 నిమిషాల పాఠానికి 1,100 యెన్లు" అని ఉంది. గంటకి లెక్కవేస్తే 1,650. "బాగానే ఉందే!" అని అది సంబరపడింది. అప్పుడు ఇద్దరం పూట మొత్తం లెక్క వేశాం. పూటకి నాలుగు పాఠాలు, 160 నిమిషాలు. మొదటి పాఠానికి అరగంట ముందే రావాలి. పాఠానికీ పాఠానికీ నడుమ పదేసి నిమిషాల చొప్పున మరో అరగంట. అయిపోయాక పిల్లల రిపోర్టులు రాసి, గది సర్దడానికి 20 నిమిషాలు. అంతా కలిపి నాలుగు గంటలు. చేతికొచ్చేది 4,400 యెన్లు, అంటే గంటకి 1,100. టోక్యోలో కనీస వేతనమే 2025 అక్టోబరులో గంటకి 1,226 యెన్లయింది! ఇల్లు ఊడ్చే పనికైనా అంతకు తగ్గకూడదన్నమాట.

బడివాళ్ళ ఆజ్ఞ ప్రకారం అక్కడ ఉన్న ప్రతి నిమిషమూ పనే. పాఠం లెక్కన జీతమన్నప్పుడల్లా తయారీ, మధ్య విరామం, రిపోర్టులు, మీటింగులు, మొదట్లో ఇచ్చే శిక్షణ... వీటికి డబ్బు ఉందా లేదా అని అడగాలి. రైలు ఖర్చు ఎవరిదో కూడా చూడండి. చాలా బళ్ళు ఇస్తాయి గాని ఇచ్చి తీరాలన్న చట్టం లేదు, కాబట్టి కాగితంలో ఉంటేనే ఇచ్చినట్టు.

విద్యార్థి రాకపోతే? "పాఠం రద్దయితే జీతం లేదు" అని కొన్ని చోట్ల రాస్తారు. ఉద్యోగి విషయంలో యజమాని కారణంగా పని ఆగిపోతే సగటు వేతనంలో కనీసం 60 శాతం ఇవ్వాలని అక్కడి చట్టం. ఎన్ని గంటల ముందు చెబితే రద్దు, ఎప్పుడు చెబితే పూర్తి జీతం అన్నది స్పష్టంగా ఉండాలి.

అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు

వారానికి ఇన్ని పాఠాలు తప్పక ఇస్తామన్న హామీ లేదు. కాని "వేరే బడిలో చెప్పకూడదు, మానేశాక కూడా ఏడాదిపాటు ఈ చుట్టుపక్కల చెప్పకూడదు" అన్న షరతు మాత్రం ఉంది! ఇలాంటి రెండు వాక్యాలు ఒకే కాగితంలో ఉంటే ఒకదాన్నయినా మార్చమనండి. గంటల హామీ ఇస్తే కట్టుబడి ఉండొచ్చు. ఇవ్వకపోతే మన దారి మనల్ని చూసుకోనివ్వాలి.

జరిమానాల సంగతీ అంతే. "నెల ముందు చెప్పకుండా మానేస్తే 50 వేల యెన్లు కోత" అని మా చెల్లెలి కాగితంలో ఉంది. ఉద్యోగ ఒప్పందంలో ఇంత జరిమానా అని ముందుగా నిర్ణయించడాన్ని జపాన్ కార్మిక ప్రమాణాల చట్టం 16వ సెక్షను నిషేధించింది. ఆ చట్టం ఇప్పటిది కాదు, 1947 నాటిది. యజమాని మనల్ని తీసెయ్యాలన్నా 30 రోజుల ముందు చెప్పాలి, లేకపోతే ఆ రోజులకు జీతం ఇవ్వాలి. గడువున్న కాంట్రాక్టయితే గడువు మధ్యలో గట్టి కారణం లేకుండా తీసెయ్యకూడదు. అలాగే మనం మధ్యలో వదిలేయడానికీ కారణం ఉండాలని గుర్తుంచుకోవాలి.

పార్ట్‌టైము వాళ్ళకి సెలవులుండవని చాలామంది అనుకుంటారు. అదీ తప్పే. ఆరు నెలలు సక్రమంగా చేస్తే వారానికి మూడు రోజులు వచ్చేవాళ్ళకి 5 రోజులు, నాలుగు రోజులు వచ్చేవాళ్ళకి 7 రోజులు జీతంతో సెలవు ఉంటుంది.

ఏ భాషలోది చెల్లుతుంది?

మనకిచ్చేది ఇంగ్లీషు ప్రతి. చివర్న చిన్న అక్షరాల్లో "సందేహం వస్తే జపనీస్ ప్రతియే చెల్లుతుంది" అని ఉంటుంది. రెండు ప్రతులూ తీసుకుని, తెలిసినవాళ్ళ చేత పోల్చి చూపించుకోండి. అలాగే జీతం, వేళలు, పనిచేసే చోటు, గడువు, పొడిగింపు షరతులు రాసిన "రోడో జోకెన్ త్సూచిషో" అనే పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత. అందులో రాసినట్టు కాకుండా పని వేరుగా ఉంటే వెంటనే మానేసే హక్కు కూడా చట్టం ఇచ్చింది. నోటిమాటగా ఒప్పుకున్నవన్నీ ఈమెయిల్లో ఒకసారి రాసి పంపి, జవాబు దాచుకోండి. పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు ఎవరి చేతిలోనూ ఉంచకండి. కార్డు ఎప్పుడూ దగ్గరుంచుకోవాలన్నది అక్కడి చట్టమే.

పెద్ద పేరున్న బడి కదా అని ధీమా కూడా పనికిరాదు. జపాన్‌లో ఏకైవా బళ్ళన్నిటిలోకీ పెద్దదైన నోవా 2007 అక్టోబరులో దివాలా తీసింది. వేలమంది టీచర్లు జీతాలందక రోడ్డున పడ్డారు. అలా సంస్థ దివాలా తీసినప్పుడు బకాయి జీతంలో కొంత ప్రభుత్వమే ముందుగా చెల్లించే పథకం ఉంది. దానికీ కావలసింది కాగితాలే. జీతం చీటీలు, హాజరు లెక్క జాగ్రత్త.

అడిగితే పోయేదేముంది?

మా చెల్లెలు ఎల్లుండి గడువు పెట్టినా కంగారు పడలేదు. మేనేజరుకి మర్యాదగా రాసింది. "నా వీసా ప్రకారం ఉద్యోగ ఒప్పందం అయితేనే చెయ్యగలను. ఈ మూడు వాక్యాలు మార్చగలరా?" అంది. వారం రోజులు జవాబు లేదు. "పోయింది లే అక్కా" అనుకుంది. ఎనిమిదో రోజున కొత్త కాగితం వచ్చింది. ఉద్యోగ ఒప్పందమే! గంటకి 1,400 యెన్లు, తయారీతో కలిపి. జరిమానా వాక్యం తీసేశారు. గంటల హామీ మాత్రం ఇవ్వలేదు, వారానికి నాలుగు రోజులన్నది మూడయింది. అందుకు బదులుగా వేరే బడిలో చెప్పుకోవచ్చని రాశారు. అన్నీ మనం కోరినట్టే రావు. కాని ఏది వచ్చిందో ఏది రాలేదో తెలిసి పెట్టిన సంతకం అది.

సందేహం వస్తే అడగడానికి చోట్లున్నాయి. టోక్యోలో యొత్సుయా దగ్గర విదేశీయుల కోసం 2020లో తెరిచిన సహాయ కేంద్రం ఉంది. కార్మిక శాఖవాళ్ళు ఫోనులో ఇంగ్లీషులో సలహా చెబుతారు. డబ్బు తీసుకోరు.

జపాన్ కాకపోతే ఇంకో దేశం. చట్టాలూ అంకెలూ మారతాయి గాని అడగవలసిన ప్రశ్నలు మారవు. నా వీసా ఈ పనికి ఒప్పుకుంటుందా? నేను ఉద్యోగినా, గుత్తదారునా? జీతం ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా? పాఠం రద్దయితే ఎవరికి నష్టం? మానేస్తే ఏమవుతుంది? ఏ భాష ప్రతి చెల్లుతుంది? ఈ ఆరూ ఒక కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. జవాబులు తెలిశాకే పెన్ను తీయండి. నాలుగు రోజులు ఆలోచించుకుంటానంటే కోపం తెచ్చుకునే బడిలో చేరకపోవడమే మేలు, ఏమంటారు?