ద్రవాలకూ జ్ఞాపకం ఉంటుంది: 864 పరమాణువులతో చూపించిన హైదరాబాదీ

తిరునాళ్ళలో కిక్కిరిసిన జనం మధ్య ముందుకు పోవాలని ఒక అడుగు వేస్తాం. ముందున్నవారు ఒక్క క్షణం ఒత్తుకుని, మళ్ళీ వెనక్కి నెడతారు. వారితోపాటు మనమూ వెనక్కి వస్తాం. ద్రవంలో అణువుల పరిస్థితీ ఇంతే. ఈ సంగతిని 1964లో కంప్యూటరు లెక్కలతో చూపించినవారు హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రహమాన్.

పాత లెక్కలో ఒక షరతు

1827లో రాబర్ట్ బ్రౌన్ అనే వృక్షశాస్త్రవేత్త పుప్పొడి నుంచి వెలువడిన సూక్ష్మ రేణువులు నీటిలో ఎడతెగకుండా కదలడం గమనించారు. కంటికి కనిపించని నీటి అణువులు అన్ని వైపుల నుంచీ ఢీకొనడమే అందుకు కారణమని 1905లో ఐన్‌స్టీన్ వివరించారు. 1908లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ లాంజెవాన్ దాన్ని ఒక చిన్న సమీకరణంగా రాశారు. దాని ప్రకారం రేణువుపై పనిచేసేవి రెండు: వేగాన్ని తగ్గించే ఘర్షణ, ఎటు నుంచి వస్తాయో తెలియని తాకిళ్ళు. రెండింటికీ మూలం చుట్టూ ఉన్న అణువులే.

ఈ లెక్కలో ఒక షరతు ఉంది. ఘర్షణ ఈ క్షణపు వేగాన్ని బట్టే ఉంటుంది. అంతకుముందు జరిగింది ద్రవానికి గుర్తుండదు. పుప్పొడి రేణువు నీటి అణువు కంటే ఎన్నో రెట్లు పెద్దది. అది తన వేగం మార్చుకునేలోగా చుట్టూ ఉన్న అణువులు ఎన్నోసార్లు స్థానాలు మారతాయి. కాబట్టి అక్కడ ఈ లెక్క చాలావరకు సరిపోతుంది. మరి కదిలేది కూడా పక్కవాటంతే ఉన్న ఒక అణువైతే?

రహమాన్ ఏం చూశారు?

ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన రహమాన్ 1960లో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో చేరారు. అక్కడ 864 ఆర్గాన్ పరమాణువులను కంప్యూటరులో ఉంచి, సుమారు మైనస్ 179 డిగ్రీల సెల్సియస్ దగ్గర అవి ఎలా కదులుతాయో న్యూటన్ సూత్రాలతో అడుగడుగునా లెక్కించారు.

ఒక పరమాణువు మొదటి వేగానికీ, కాసేపటి తర్వాతి వేగానికీ ఎంత పోలిక మిగిలిందో చూశారు. పాత లెక్క ప్రకారం ఆ పోలిక మెల్లగా తగ్గి సున్నాకు చేరాలి. కానీ సెకనులో లక్ష కోట్లవ వంతు గడవకముందే అది సున్నా దాటి రుణాత్మకమైంది. అంటే పరమాణువు సగటున వెనక్కి తిరుగుతోంది. చుట్టూ ఉన్నవి పంజరంలా నిలిచి, తిన్న తోపును తిరిగి ఇచ్చేస్తున్నాయి. ద్రవానికి జ్ఞాపకం ఉందని అనేది ఈ అర్థంలోనే.

1970లో ఆల్డర్, వెయిన్‌రైట్ ఇంకో రకం జ్ఞాపకాన్ని వివరించారు. కదిలే అణువు తన చుట్టూ ద్రవంలో చిన్న సుడి పుట్టిస్తుంది. ఆ సుడి తిరిగి వచ్చి అణువును వెనుక నుంచి ముందుకే నెడుతుంది. అందువల్ల తొలి వేగపు ఆనవాలు అనుకున్నదానికంటే చాలా నెమ్మదిగా చెరిగిపోతుంది.

రసాయన చర్యలకు దీనితో పనేమిటి?

ద్రావణంలో చర్య జరగాలంటే అణువు ఒక శక్తి గట్టు దాటాలి. ద్రవం బాగా చిక్కనైతే, చిక్కదనం రెట్టింపైనప్పుడు చర్య వేగం సగమవుతుందని 1940నాటి క్రామర్స్ సిద్ధాంతం సూచించింది. కానీ స్టిల్బీన్ వంటి అణువులు కాంతి తగిలి మెలితిరిగే చర్యల్లో వేగం అంతగా తగ్గలేదు.

మళ్ళీ తిరునాళ్ళకే వెళ్దాం. జనం మనవైపు తిరిగేలోగా సందులోంచి దూరిపోతే వారి తోపు మనకు పెద్దగా తగలదు. గట్టు దాటడం క్షణాల్లో ముగిస్తే, ద్రవం స్పందించేలోగా అణువు అవతలికి చేరుతుంది. చిక్కదనం నుంచి లెక్కగట్టిన పూర్తి ఘర్షణలో దానికి తగిలేది కొంత భాగమే. దీన్ని 1980లో గ్రోట్, హైన్స్ సిద్ధాంతంగా రాశారు. గట్టు ఆకారం వంటి ఇతర కారణాలూ ఉన్నా, వేగమైన చర్యల్లో ఈ జ్ఞాపకాన్ని వదిలేస్తే లెక్క తప్పుతుంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో బిమన్ బాగ్చీ ఈ రంగంలో దశాబ్దాలుగా కృషి చేశారు. ద్రవాల్లో అణువుల కదలికలపై ఆయన గ్రంథం 2012లో వెలువడింది.

ఒక జాగ్రత్త

నీరు మన మాటలనూ, కలిపిన మందులనూ గుర్తుపెట్టుకుంటుందని కొందరు ప్రచారం చేస్తుంటారు. దానికీ దీనికీ సంబంధం లేదు. మామూలు నీటిలో అణువుల అమరిక జ్ఞాపకం సెకనులో లక్ష కోట్లవ వంతులు కొన్ని గడిచేసరికే చెరిగిపోతుంది. సీసాలో పోసి దాచుకునే జ్ఞాపకం కాదది.

రహమాన్ 1987లో కన్నుమూశారు. కంప్యూటరు ఆధారిత భౌతికశాస్త్రంలో కృషికి అమెరికన్ ఫిజికల్ సొసైటీ ఇచ్చే బహుమతికి ఆయన పేరే పెట్టారు. నేడు మందుల అణువులూ ప్రొటీన్లూ నీటిలో ఎలా మెదులుతాయో కంప్యూటరులో చూసే పరిశోధకులు వాడే పద్ధతి, ఆ 864 పరమాణువులతో ఆయన వాడిన పద్ధతి కుటుంబానిదే.