అరువు ఆశలు, ఆర్నెల్ల శిక్షణ

ధోనీ టికెట్ కలెక్టర్‌గా పనిచేసిన ఊరు ఖరగ్‌పూర్. తెలుగు కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ రైల్వే పట్టణం నుంచి పడమటి లైన్‌లో వెళ్తే జంషెడ్‌పూర్, దక్షిణపు లైన్‌లో వెళ్తే భువనేశ్వర్. భారత అండర్-17 బాలికల ఫుట్‌బాల్ జట్టు 2022 ఏప్రిల్‌లో శిబిరం మొదలెట్టింది మొదటి ఊళ్లో. అక్టోబర్‌లో ప్రపంచ కప్ ఆడింది రెండో ఊళ్లో.

ఆతిథ్య దేశం కాబట్టి అర్హత పోటీలు ఆడకుండానే చోటు దక్కింది. దాంతోపాటే బోలెడు ఆశలూ వచ్చిపడ్డాయి. ఫలితం: అమెరికా చేతిలో 0-8, మొరాకో చేతిలో 0-3, బ్రెజిల్ చేతిలో 0-5. కోచ్ సామాన్యుడేమీ కాదు. 2011 ప్రపంచ కప్‌లో స్వీడన్ మహిళలను మూడో స్థానంలో నిలిపిన థామస్ డెనర్బీ. కానీ చిన్నప్పటి నుంచి అందాల్సిన శిక్షణ ఆర్నెల్ల శిబిరంలో ఎలా అందుతుంది?

2025 అక్టోబర్‌లో బిష్కెక్‌లో ఉజ్బెకిస్థాన్‌ను 2-1తో ఓడించి, తర్వాతి తరం అమ్మాయిలు ఆసియా కప్‌కు అర్హత సాధించారు. ఈసారి చోటు ఎవరూ ఇచ్చింది కాదు, గెలుచుకున్నది. ఖరగ్‌పూర్‌లాంటి ఊళ్లలో పదేళ్ల పిల్లకు మైదానం, కోచ్ దొరికితేనే ఇలాంటి గెలుపులు అలవాటవుతాయి.